తలనొప్పి మందు, ఎర్రగుంట్ల ఎండ

నెలలో పదిహేను రోజులు లేదా అంతకు మించి, వరుసగా మూడు నెలలకు పైగా తలనొప్పి వస్తూ ఉంటే వైద్యశాస్త్రం దానిని దీర్ఘకాలిక తలనొప్పిగా లెక్కిస్తుంది. ఆ రోజుల్లో కనీసం ఎనిమిదింటిలో పార్శ్వపు నొప్పి లక్షణాలు, అంటే తలలో ఒక పక్క నాడి కొట్టుకున్నట్లు పోటు పెట్టడం, కడుపులో తిప్పడం, వెలుతురునూ చప్పుడునూ ఓర్చుకోలేకపోవడం వంటివి ఉంటే దానిని దీర్ఘకాలిక మైగ్రేన్ అంటారు. బెంగళూరులోని నిమ్హాన్స్ పరిశోధకులు ఆ నగరంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇంటింటికీ తిరిగి చేసిన సర్వే ప్రకారం, ఒక ఏడాది కాలంలో మైగ్రేన్ బారిన పడినవారు పెద్దవారిలో దాదాపు నలుగురికి ఒకరు. నేలా, తిండీ, పనిపాటలూ చాలావరకు అటువంటివే అయిన రాయలసీమలో పరిస్థితి దీనికి భిన్నంగా ఉంటుందని అనుకోవడానికి కారణం కనిపించదు.

ఎర్రగుంట్ల కడప జిల్లాలో గుంతకల్లు–రేణిగుంట రైలుమార్గం మీద ఉన్న జంక్షన్ పట్టణం. చుట్టూ నాపరాతి గనులు, బండలను కోసి నునుపు చేసే పాలిష్ ఫ్యాక్టరీలు, ఇక్కడా చిలంకూరులోనూ సిమెంటు కర్మాగారాలు, కలమల్ల దగ్గర 1,650 మెగావాట్ల సామర్థ్యమున్న రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. తెల్లబారిన రాతిగుట్టల మీద పడిన వెలుగు తిరిగి కళ్లలోకి కొడుతుంది. షిఫ్టు మారినప్పుడల్లా నిద్రవేళ మారుతుంది. గనిలో పని మొదలైతే తిండి, నీళ్లు వేళకు అందవు. మైగ్రేన్‌ను రేపే కారణాల్లో తీవ్రమైన వెలుతురు, నిద్ర తప్పడం, భోజనం తప్పడం, ఒంట్లో నీరు తగ్గడం ముందు వరసలో ఉంటాయి కనుక, ఈ పట్టణపు పనిదినం తలనొప్పికి ఎంత అనువైనదో వేరుగా చెప్పనక్కరలేదు. అంతగా గుర్తింపు పొందని విషయం ఇంకొకటి ఉంది. తలనొప్పిని రేపే ఆ ఎండే, ఆ దాహమే, ఆ పనే తలనొప్పికి వాడే మందుల దుష్ప్రభావాలను కూడా పెంచుతాయి. మందు పెట్టెలో మడిచి పెట్టిన కాగితంలో ఉండే జాగ్రత్తలన్నీ నిజమే అయినా, వాటిలో వేటికి ఎంత బరువు ఇవ్వాలన్నది రోగి ఎక్కడ బతుకుతున్నాడన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఈ అధ్యాయం ఆ బరువును ఎర్రగుంట్ల నుంచి తూచే ప్రయత్నం చేస్తుంది.

తలనొప్పి మందులు రెండు తెగలు. నొప్పి వచ్చినప్పుడు మాత్రమే వేసుకునేవి మొదటి తెగ: పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రాక్సెన్ వంటి మామూలు నొప్పి మాత్రలు, మైగ్రేన్‌కే ప్రత్యేకమైన ట్రిప్టాన్లు, పాతకాలపు ఎర్గోటమిన్ ఇందులోకి వస్తాయి. నొప్పి ఉన్నా లేకపోయినా నెలల తరబడి రోజూ వేసుకునేవి రెండో తెగ. ఇవి నొప్పిని తగ్గించేవి కావు, నొప్పి వచ్చే రోజుల సంఖ్యను తగ్గించేవి, కనుక వీటిని నివారక మందులు అంటారు. వ్యాధి దీర్ఘకాలికమైనప్పుడు వైద్యులు ఈ రెండో తెగను ఆశ్రయిస్తారు.

నివారక మందుల చరిత్ర తెలిస్తే వాటి దుష్ప్రభావాలు సగం అర్థమవుతాయి, ఎందుకంటే వాటిలో దాదాపు ఏదీ తలనొప్పి కోసం పుట్టలేదు. ప్రొప్రనొలాల్‌ను 1960లలో జేమ్స్ బ్లాక్ గుండెనొప్పి కోసం రూపొందించాడు. ఆ కృషి ఆయనకు 1988లో నోబెల్ బహుమతి రావడానికి ఒక కారణమైంది. గుండెకు ఆ మందు వాడుతున్న రోగికి మైగ్రేన్ తగ్గడాన్ని వైద్యులు గమనించి 1966లో ప్రకటించారు. అమిట్రిప్టిలిన్ మనోవ్యాకులతకు వాడే మందు. టోపిరమేట్‌ను 1979లో మధుమేహ ఔషధం కోసం వెతుకుతూ తయారు చేశారు, అది మూర్ఛవ్యాధి మందుగా స్థిరపడింది, 2004లో అమెరికాలో మైగ్రేన్ నివారణకు అనుమతి పొందింది. మన దేశంలో విరివిగా వాడే ఫ్లూనరిజిన్ రక్తనాళాల జబ్బులకూ కళ్లు తిరగడానికీ వాడుకలోకి వచ్చిన మందు. మింగిన మాత్ర రక్తంలో కలిసి శరీరమంతా తిరుగుతుంది, మెదడులో ఏ గ్రాహకాన్ని తాకుతుందో అదే గ్రాహకం గుండెలోనో, నోటిలోనో, చెమట గ్రంథిలోనో ఉంటే అక్కడా తన పని చేస్తుంది. గ్రాహకం అంటే కణం మీద ఉండి రసాయన సంకేతాలను అందుకునే ప్రోటీను. దుష్ప్రభావం మందులోని కల్తీ వల్లనో, రోగి ఒంటి లోపం వల్లనో వచ్చేది కాదు. మందు చేసే పనిలోనే అది ఒక భాగం. అందుకే దానిని ముందుగా ఊహించవచ్చు, చాలావరకు సర్దుబాటు కూడా చేయవచ్చు.

చెమట విషయంలో ఈ మాట ఎంత నిజమో ఎండాకాలంలో తెలుస్తుంది. చల్లని రోజున ఒంటి వేడి చర్మం నుంచి గాలిలోకి దానంతట అదే పోతుంది. గాలి వేడి చర్మపు వేడిని, అంటే సుమారు 35 డిగ్రీలను, దాటితే ఆ దారి మూసుకుపోయి, వేడి బయటి నుంచి లోపలికే వస్తుంది. అప్పుడు శరీరానికి మిగిలే మార్గం చెమట ఆరడం ఒక్కటే. చెమట గ్రంథిని పని చేయించే సంకేతం ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం. అమిట్రిప్టిలిన్ దానిని అడ్డుకుంటుంది. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మూత్రం ధారాళంగా రాకపోవడం అన్నీ ఆ ఒక్క అడ్డు వల్ల వచ్చేవే, చెమట తగ్గడం కూడా వాటితో పాటే వస్తుంది. టోపిరమేట్ మరొక దారిలో అదే చోటికి చేరుతుంది: బొగ్గుపులుసు వాయువునూ నీటినీ కలిపి బైకార్బొనేట్‌గా మార్చే కార్బోనిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైమును అది అడ్డుకుంటుంది, ఆ ఎంజైము చెమట గ్రంథికీ అవసరం కనుక కొందరిలో, ముఖ్యంగా పిల్లల్లో, చెమట పట్టడం తగ్గి జ్వరంలా ఒళ్లు కాలుతుంది. ప్రొప్రనొలాల్ చెమటను ఆపదు గానీ, ఎండలో గుండె వేగం పెరిగి చర్మానికి ఎక్కువ రక్తం పంపే సర్దుబాటును తగ్గిస్తుంది. మైగ్రేన్‌కు తరచుగా రాసే మూడు నివారక మందులూ, ఒక్కొక్కటి ఒక్కో పద్ధతిలో, మనిషి ఎండను తట్టుకునే శక్తికి గండి కొడుతున్నాయన్న మాట. చల్లని దేశపు రోగికి ఇది కాగితంలోని ఒక వాక్యం మాత్రమే కావచ్చు. మే నెలలో నాపరాతి గనిలో సుత్తి పట్టినవాడికి ఇది ప్రాణానికి సంబంధించిన సంగతి.

ఇందువల్ల ఈ మందులు మానేయాలని కాదు. వ్యవధి ఉన్నప్పుడు కొత్త నివారక మందు మొదలుపెట్టడానికి, మోతాదు పెంచడానికి ఏప్రిల్, మే నెలల కంటే చలికాలమో వానాకాలమో మేలు; ఆగే వీలు లేకపోతే మోతాదు మరింత నెమ్మదిగా పెంచమని వైద్యుణ్ణి అడగవచ్చు. ఎండలో పని చేసేవారు తమ పని ఏమిటో, ఎన్ని గంటలో వైద్యుడికి చెప్పకపోతే ఆయనకు తెలిసే అవకాశం లేదు. ఓపీ చీటీలో ఆ వివరానికి గడి ఉండదు. చుట్టూ ఉన్నవారికి చెమటలు కారుతుంటే తన ఒళ్లు మాత్రం పొడిగా, వేడిగా ఉండడం, మొహం ఎర్రబడడం, తికమకపడడం కనిపిస్తే అది తలనొప్పి మాత్ర వేసుకుని పడుకోవలసిన సమయం కాదు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, గాలి విసరుతూ 108కు ఫోన్ చేయవలసిన సమయం.

టోపిరమేట్ వాడేవారికి నీళ్లతో ఇంకొక లెక్క ఉంది. అదే ఎంజైమును అడ్డుకోవడం వల్ల మూత్రపు ఆమ్లత తగ్గి, రాళ్లు కట్టకుండా చూసే సిట్రేట్ కూడా తగ్గుతుంది, ఫలితంగా మూత్రపిండాల్లో కాల్షియం ఫాస్ఫేట్ రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. మూర్ఛవ్యాధి కోసం జరిగిన తొలి పరీక్షల్లో ఈ మందు వాడిన పెద్దల్లో 1.5 శాతం మందికి రాళ్లు వచ్చాయి, ఇది మామూలుగా ఉండవలసిన దానికి రెండు నుంచి నాలుగు రెట్లు. సున్నపురాతి నేల మీది బోరు నీళ్లు గట్టివి కనుక రాళ్లు వాటి వల్లే వస్తాయని ఈ ప్రాంతంలో గట్టి నమ్మకం ఉంది. నీటి గట్టిదనం కంటే తాగే నీరు చాలకపోవడం, చెమటగా పోయిన దానిని పూడ్చుకోకపోవడం పెద్ద కారణాలు. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా తాగాలన్నది రాళ్ల నివారణలో వైద్యులు పెట్టుకునే గురి. ఎండలో చెమట ఓడ్చే మనిషికి అందుకు ఎన్ని లీటర్లు తాగాలో ముందుగా చెప్పలేము కాబట్టి, మూత్రం రంగును చూసుకోవడమే నమ్మదగిన కొలత: లేత పసుపు దాటి ముదురు రంగులోకి వస్తుంటే నీరు చాలడం లేదని గ్రహించాలి. ఇదివరకే రాళ్లు వచ్చినవారు ఆ సంగతి చెప్పి వేరే మందు అడగడం మంచిది. ఇక ఈ మందుతో చేతులు, కాళ్లు, మూతి చుట్టూ తిమ్మిర్లు పట్టడం అతి సాధారణం. రోజుకు 100 మిల్లీగ్రాములు వాడిన మైగ్రేన్ రోగుల్లో సగం మందికి అవి కనిపించాయి. అవి నరాలు దెబ్బతింటున్న గుర్తులు కావు, చాలామందిలో కాలక్రమాన తగ్గుతాయి. గోలీసోడా తాగితే చప్పగా అనిపించడం కూడా ఈ మందు పనే, ఎందుకంటే సోడాలోని గ్యాస్ రుచిని నాలుక పసిగట్టడానికి అదే ఎంజైము కావాలి. మాట నోటి చివరన ఉండి పలకకపోవడం, లెక్కలు తడబడడం మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. మోతాదు తగ్గిస్తే ఇది సాధారణంగా పోతుంది. మొదలుపెట్టిన నెల లోపల కంటినొప్పితో చూపు మసకబారితే ఆ రోజే కంటి వైద్యుణ్ణి కలవాలి, కంటిలోపలి ఒత్తిడి హఠాత్తుగా పెరిగే ప్రమాదం అరుదుగా ఉంటుంది.

మగత తెచ్చే మందులకు కొలబద్ద నీళ్లు కాదు, చేసే పని. అమిట్రిప్టిలిన్, ఫ్లూనరిజిన్ రెండూ రాత్రిపూట వేసుకునేవి. అమిట్రిప్టిలిన్ ఒంట్లో సగానికి తగ్గడానికి పది గంటల నుంచి ఒక రోజుకు పైగా పట్టవచ్చు కనుక, రాత్రి పదకొండుకు మింగినవారికి ఉదయం షిఫ్టులో కళ్లు మూతపడతాయి. అదే మాత్రను పడుకోవడానికి రెండు గంటల ముందే, ఎనిమిది ప్రాంతంలో వేసుకుంటే, 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారాల మీద పెంచితే, ఈ ఇబ్బంది చాలా తగ్గుతుంది. షిఫ్టు మారే కార్మికుడు గడియారాన్ని కాక తన నిద్రను బట్టి మాత్ర వేళను మార్చుకోవలసి ఉంటుంది, దానిని ఎలా మార్చాలో ముందే అడిగి తెలుసుకోవాలి. సిమెంటు లోడుతో లారీ నడిపేవారు, రాతికోత యంత్రం దగ్గర నిలబడేవారు, కర్మాగారంలో ఎత్తున పని చేసేవారు మొదటి రెండు వారాలు ఈ మందులతో పనిలోకి దిగకుండా ఉండగలిగితే అంతకంటే మంచి జాగ్రత్త లేదు. ఆ సెలవు దొరకనివారికి వేరే మందు ఎంచడం వైద్యుడి బాధ్యత. నోరు ఎండిపోవడానికి వక్కలు, గుట్కా నమలడం చాలామంది ఎంచుకునే తప్పుదారి. గుక్కెడు గుక్కెడుగా నీళ్లు, ఒక యాలక్కాయ చాలు. మలబద్ధకానికి రాగి సంగటి, జొన్నరొట్టె, ఆకుకూరలు ఈ సీమలో ఎలాగూ ఉన్నవే, ఇటీవల తెల్లన్నం వాటిని పక్కకు నెట్టడమే చిక్కు. ఫ్లూనరిజిన్‌తో బరువు పెరగడమే కాక కొందరిలో మనసు కుంగుతుంది, వయసు మళ్లినవారిలో చేతులు వణకడం, నడక మందగించడం వంటి పార్కిన్సన్ లక్షణాలు వస్తాయి. అందుకే దీనిని ఏళ్ల తరబడి వాడరు, కొన్ని నెలల తర్వాత ఆపి చూస్తారు. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో ఈ మాత్రను ఏళ్లుగా కొనుక్కునేవారు ఆ ఆపి చూడవలసిన గడువును ఎప్పుడో దాటి ఉంటారు.

ప్రొప్రనొలాల్ విషయంలో అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఉబ్బసం గురించి. ఈ మందు గుండెలోని బీటా గ్రాహకాలతో పాటు ఊపిరితిత్తుల గొట్టాలను తెరిచి ఉంచే బీటా గ్రాహకాలనూ మూసేస్తుంది కాబట్టి ఉబ్బసం ఉన్నవారికి దీనిని ఇవ్వరు. రాతిపొడి, సిమెంటు దుమ్ము మధ్య బతికే ఊళ్లో పిల్లికూతలతో కూడిన ఆయాసాన్ని చాలామంది జబ్బుగా కాక వృత్తిలో భాగంగా చూస్తారు, అడిగితే తప్ప చెప్పరు. మధుమేహులకు ఇంకొక హెచ్చరిక: చక్కెర పడిపోయినప్పుడు గుండె దడ, చేతుల వణుకు ముందుగా తెలిపే గుర్తులు, ఈ మందు వాటిని కప్పేస్తుంది, చెమట పట్టడం ఒక్కటే మిగులుతుంది. దీనిని ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా తగ్గించాలి.

ఇక్కడే ఒక పెద్ద చిక్కు ఉంది. నివారక మందుల దుష్ప్రభావం మొదటి రోజు నుంచే, మొదటి నెలలోనే ఎక్కువగా కనిపిస్తుంది. ప్రయోజనం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కష్టం ముందు, ఫలితం వెనుక. దీర్ఘకాలిక మైగ్రేన్ రోగుల గురించి అమెరికాలో బీమా రికార్డుల ఆధారంగా 2015లో వెలువడిన పరిశీలన ప్రకారం, ఆరు నెలల తర్వాత కూడా నివారక మాత్రలు సరిగ్గా వాడుతున్నవారు నూటికి ముప్ఫై మంది కూడా లేరు, ఏడాదికి ఆ సంఖ్య ఇరవై లోపలికి పడిపోయింది. మందు మానేసిన రోగిని అశ్రద్ధపరుడని నిందించడం ఆసుపత్రుల్లో పరిపాటి. ఏ నెలలో ఏమి ఎదురవుతుందో, ఎంతకాలం ఓర్చుకోవాలో, దేనికి ఓర్చుకోకూడదో ముందే ఎవరూ చెప్పనప్పుడు ఆ నింద న్యాయం కాదు.

నివారక మందు మానేసిన రోగి తలనొప్పితో ఊరికే ఉండడు. రూపాయల్లో దొరికే నొప్పి మాత్రకు మళ్లుతాడు, అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. స్వీడన్‌లో హుస్క్‌వార్నా అనే ఫ్యాక్టరీ పట్టణం కథ ఎర్రగుంట్ల వంటి ప్రతి కార్మిక పట్టణం తెలుసుకోదగినది. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా రోజుల్లో హ్యోర్టన్ అనే వైద్యుడు ఫెనాసిటిన్, ఫెనజోన్, కెఫీన్ కలిపిన పొడిని అక్కడ రాసి ఇచ్చాడు. జ్వరాలు పోయినా పొడి పోలేదు, అది పని సామర్థ్యాన్ని పెంచుతుందని నమ్మిన కార్మికులు దశాబ్దాల పాటు దానిని రోజూ వాడారు. 1950లలో స్విట్జర్లండ్ వైద్యులు స్పూలర్, జోలింగర్ నొప్పి మందుల అతివాడకానికీ మూత్రపిండాలు పాడవడానికీ సంబంధం ఉందని గుర్తించారు, ఆ దేశపు గడియారాల పరిశ్రమలోని కార్మికుల్లోనూ ఇదే అలవాటు కనిపించింది. హుస్క్‌వార్నాలో మూత్రపిండాలు చెడి చనిపోయినవారి లెక్క 1960ల ఆరంభంలో బయటపడింది. ఫెనాసిటిన్‌ను తర్వాత మన దేశంతో సహా అనేక దేశాలు నిషేధించాయి. ఫెనాసిటిన్ పోయింది గానీ, ఆ అలవాటు మాత్రం పోలేదు.

ఇప్పటి నొప్పి మాత్రల్లో డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రాక్సెన్ అన్నీ ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని ఆపి పని చేస్తాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండానికి రక్తం తెచ్చే సన్నని నాళాన్ని తెరిచి ఉంచేది ఆ ప్రోస్టాగ్లాండిన్లే. మధ్యాహ్నం దాకా ఎండలో నీళ్లు లేకుండా పని చేసి, తల పగిలిపోతుంటే ఖాళీ కడుపున డైక్లోఫెనాక్ వేసుకున్న మనిషి, సరిగ్గా మూత్రపిండానికి ఆ సాయం అత్యవసరమైన గంటలో దానిని తీసేస్తున్నాడు. రక్తపోటుకు మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడేవారికి ఈ అపాయం రెట్టింపు. నొప్పి మాత్రతో పాటు గ్యాస్ మాత్ర వేసుకుంటే ఏ చెడూ ఉండదన్న నమ్మకం పట్టణంలోనూ పల్లెల్లోనూ బలంగా ఉంది. గ్యాస్ మాత్ర కడుపులో పుండు పడకుండా కొంత కాపాడుతుంది గానీ మూత్రపిండానికి దాని వల్ల ఏ రక్షణా లేదు. ముందు రెండు గ్లాసుల నీళ్లో మజ్జిగో తాగి, ఏదైనా తిని, నీడలో అరగంట కూర్చుని, అప్పటికీ తగ్గకపోతే మాత్ర వేసుకోవడం ఎండాకాలపు క్రమం కావాలి. ఎండలో వచ్చిన తలనొప్పుల్లో కొన్ని ఆ నీళ్లతోనే పోతాయి. రంజాన్ ఉపవాసాలు ఎండాకాలంలో వచ్చిన ఏళ్లలో సాయంత్రం ఇఫ్తార్ వేళకు తలనొప్పి రావడం సాధారణం, అక్కడా ఇదే క్రమం వర్తిస్తుంది: ముందు నీళ్లు, తిండి, తర్వాతే మాత్ర. రోజూ రెండుసార్లు వేసుకోవలసిన నివారక మందును ఉపవాసాల నెలలో ఒకేసారి వేసుకునే రకానికి మార్చడం చాలా సందర్భాల్లో సాధ్యమే, పండుగకు ముందే అడగాలి.

ఎర్గోటమిన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సజ్జ పండించే రైతులకు కంకి మీద వచ్చే తేనెబంక తెగులు తెలుసు. దాని బంధువైన శిలీంధ్రం ఐరోపాలో రై కంకులకు పట్టేది, దాని నుంచి 1918లో ఆర్థర్ స్టోల్ ఎర్గోటమిన్‌ను వేరుచేశాడు. మన దేశంలో దీనిని కెఫీన్, పారాసిటమాల్, వాంతి తగ్గించే మందులతో కలిపి ఒకే మాత్రగా అమ్ముతారు. రక్తనాళాలను గట్టిగా ముడుచుకునేలా చేయడం దీని గుణం. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారికి, గర్భిణులకు ఇది పనికిరాదు. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ వంటి యాంటిబయాటిక్‌లతో కలిస్తే దీని విసర్జన ఆగిపోయి కాలివేళ్లు నల్లబడి కుళ్లే దాకా వెళ్లవచ్చు. గొంతునొప్పికి ఒక చోట, తలనొప్పికి మరో చోట మందు తెచ్చుకునే మనిషికి ఈ రెండూ కలిసి కడుపులోకి వెళ్లే వీలుందన్న సంగతి ఇద్దరు అమ్మేవారికీ తెలియదు. ట్రిప్టాన్ మాత్ర వేసుకున్న ఇరవై నాలుగు గంటల లోపల కూడా దీనిని వాడకూడదు.

తలనొప్పి మాత్రకున్న దుష్ప్రభావాల్లో అన్నిటికంటే విచిత్రమైనది తలనొప్పే. అంతర్జాతీయ తలనొప్పి సంఘం 2018లో ప్రకటించిన వర్గీకరణ ప్రకారం, మామూలు నొప్పి మాత్రలను నెలకు పదిహేను రోజులు, ట్రిప్టాన్లు, ఎర్గోటమిన్, కెఫీన్ కలిసిన మిశ్రమ మాత్రలను పది రోజులు, మూడు నెలలకు పైగా వాడినవారికి మాత్రల అతివాడకం వల్ల తలనొప్పి పుట్టవచ్చు. మెదడులో నొప్పిని అణిచే ఏర్పాటు మందమై, మాత్ర దిగిపోగానే నొప్పి మళ్లీ లేస్తుంది, మనిషి మళ్లీ మాత్ర వెతుకుతాడు. ఇక్కడ లెక్క మాత్రలది కాదు, రోజులది. ఒకే రోజున రెండు మాత్రలు వేసుకోవడం కంటే ముప్ఫై రోజులు రోజుకు సగం మాత్ర వేసుకోవడం ఈ విషయంలో ఎక్కువ ప్రమాదం. వారానికి రెండు రోజులు మించకూడదన్నది సులువుగా గుర్తుండే హద్దు. గోడ మీది తెలుగు క్యాలెండరులో తలనొప్పి వచ్చిన తేదీకి ఒక గీత, మాత్ర వేసుకున్న తేదీకి చుట్టూ సున్నా పెట్టుకుంటే చాలు, నెలాఖరుకు అది ఏ స్కానింగు కంటే ఎక్కువ సమాచారం ఇస్తుంది. మాత్రలు ఆపిన తర్వాత రెండు నుంచి పది రోజుల వరకు నొప్పి పెరుగుతుంది, వాంతులు, నిద్రలేమి ఉంటాయి, ఆ తర్వాత తేరుకుంటారు. 2020లో డెన్మార్క్ వైద్యులు ప్రచురించిన పరీక్షలో అతివాడకం ఆపుతూ అదే సమయంలో నివారక మందు మొదలుపెట్టినవారు అందరికంటే బాగా కోలుకున్నారు. ఆ పది రోజులు సుగ్గి పనుల మధ్య కాక తీరిక ఉన్న వారాల్లో పెట్టుకోవాలి, ఇంట్లోవారికి చెప్పి ఉంచాలి. ఓపియం జాతి మందులు, మత్తుమాత్రలు వాడుతున్నవారు మాత్రం తమంత తాముగా ఆపకూడదు.

నుదుటికి రాసుకునే బామ్ దీనికి ప్రత్యామ్నాయమా అని అడిగేవారుంటారు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం తెలుగు ఇళ్లలో నాలుగు తరాలుగా ఉంది. అటువంటి లేపనాలలోని కర్పూరం, మెంథాల్ వంటివి చర్మంలోని చలువ, మంట గ్రాహకాలను తాకి నొప్పి మీది నుంచి దృష్టి మళ్లిస్తాయి. జబ్బును అవి మార్చవు, కానీ అతివాడకపు తలనొప్పినీ తేవు, చర్మం మండనంత వరకు వాడుకోవచ్చు. పసిపిల్లల ముక్కు దగ్గర మాత్రం రాయకూడదు.

పెళ్లీడు స్త్రీల సంగతి దాటవేయడానికి వీల్లేదు, ఎందుకంటే మైగ్రేన్ ఎక్కువగా పట్టేది వారినే. వాల్‌ప్రోయేట్ అనే నివారక మందు గర్భంలోని బిడ్డల్లో సుమారు పదిమందిలో ఒకరికి అవయవ లోపాలు, ముగ్గురు నలుగురికి ఎదుగుదల, నేర్చుకునే శక్తి లోపాలు తెస్తుంది. గర్భం వచ్చే అవకాశం ఉన్న స్త్రీకి మైగ్రేన్ కోసం ఈ మందు ఇవ్వడం తప్పు, ఇందులో రెండో అభిప్రాయానికి తావు లేదు. టోపిరమేట్ కూడా గ్రహణంమొర్రి వంటి లోపాలకు కారణమవుతుంది, ఎక్కువ మోతాదులో గర్భనిరోధక మాత్రల శక్తిని తగ్గిస్తుంది. గర్భం తెలిసేసరికి ఆరు వారాలు గడిచిపోతాయి కనుక, ఈ ప్రశ్నను పెళ్లికి ముందే, మందు మొదలుపెట్టక ముందే అడగాలి, అత్తగారి ముందు అడగలేని పిల్లను ఒంటరిగా మాట్లాడించడం డాక్టరు చేయవలసిన పని. పిల్లల విషయంలో 2017లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరీక్ష వినయం నేర్పుతుంది: ఎనిమిది నుంచి పదిహేడేళ్ల వారిలో అమిట్రిప్టిలిన్, టోపిరమేట్ రెండూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పని చేయలేదు, దుష్ప్రభావాలు మాత్రం ఎక్కువ తెచ్చాయి. నిద్ర, ఉదయపు తిండి, నీళ్ల సీసా సరిచేయకుండా బడిపిల్లకు నివారక మాత్ర మొదలుపెట్టడం తొందరపాటు.

తలనొప్పి కోసమే రూపొందిన మందులు ఇటీవల వచ్చాయి. మైగ్రేన్‌లో సీజీఆర్‌పీ అనే ప్రోటీను పాత్రను వెలికితీసిన నలుగురు శాస్త్రవేత్తలకు 2021లో బ్రెయిన్ ప్రైజ్ దక్కింది, దాని గ్రాహకాన్ని అడ్డుకునే ఎరెనుమాబ్ ఇంజెక్షనుకు అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. మగత, బరువు, మతిమరుపు బాధలు వీటితో చాలా తక్కువ. మలబద్ధకం, కొందరిలో రక్తపోటు పెరగడం ఉన్నాయి. ధర వల్ల గని కార్మికుడికి ఇవి ఇంకా అందవు కనుక, పాత మందులను జాగ్రత్తగా వాడుకోవడమే ప్రస్తుతానికి అతని దారి.

పాత మందులైనా వాటి గురించిన జ్ఞానం పూర్తి కాలేదు. టోపిరమేట్ వంటి మందులకు అనుమతి తెచ్చిన పరీక్షలు ఎక్కువగా అమెరికాలో, ఐరోపాలో జరిగాయి. 44 డిగ్రీల ఎండలో ఎనిమిది గంటలు రాయి కొట్టే మనిషి వాటిలో భాగం కాడు. ఆ మనిషికి ఏమవుతుందో శాస్త్రానికి తెలియాలంటే అతనో, అతని వైద్యుడో, మందులమ్మే ఫార్మసిస్టో చెప్పాలి. మందుల దుష్ప్రభావాలను నమోదు చేయడానికి 2010లో మొదలైన జాతీయ కార్యక్రమాన్ని ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. రోగులు స్వయంగా నింపే ఫారం తెలుగులోనూ ఉంది. ఫోన్ చేసి చెప్పదలచుకున్నవారికి 1800-180-3024 అనే ఉచిత నంబరు ఉంది.